మూరెడు తక్కువ

ఆ ఉదయం సున్నం మామ కాఫీ గ్లాసు పట్టుకుని వంటగది నుంచి వీధి గుమ్మం దాకా పదకొండుసార్లు తిరిగాడు. పన్నెండోసారి భార్య గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“కాలు కాలిన పిల్లిలా ఏమిటయ్యా ఆ తిరుగుడు? ఆ తాడు సంగతేగా?”

“పదింటికి రమ్మన్నారే.”

“ముప్పై ఎనిమిదేళ్ళు కడుపులో దాచుకున్నావు. ఇవాళ కూడా దాచుకో. కొంపలేం మునగవు.”

“ఇత్తడి బిళ్ళ వేస్తున్నారే! సున్నమైతే ఆదివారానికి చెరిగిపోయేది. ఇత్తడి పోతుందా?”

సున్నం మామది ఒకప్పుడు ఫుట్‌బాల్ క్లబ్బు పాత గ్రౌండులో సున్నంతో గీతలు గీసే ఉద్యోగం. పదకొండేళ్ళ కిందట క్లబ్బు ఊరి బయటి కొత్త స్టేడియానికి వెళ్ళిపోయింది. మామ వెళ్ళలేదు. అక్కడ గీతలకు మిషనుందట.

పాత గ్రౌండు మొదట్లో ఇటుకల బట్టీవాళ్ళు మట్టి తవ్విన గుంట. క్లబ్బువాళ్ళు దాన్ని బూడిదతో పూడ్చి గడ్డి పరిచారు. ఉత్తరం వైపు కాస్త పల్లం. ఎత్తు మూలలో బంతి పెట్టి కాఫీ తాగి వచ్చేసరికి అది తనంతట తనే వెళ్ళి గోల్ చేసేదని మామ చెప్పేవాడు. చెక్క గ్యాలరీ గురించి ఇంకా బాగా చెప్పేవాడు. గోల్ పడ్డప్పుడల్లా జనం ఎగిరే ఎగురుడుకి అది బెత్తెడు పక్కకి జరిగేదట. అలా జరిగి జరిగి చివరికి పక్క వీధివాళ్ళు దాని రెయిలింగ్ మీద బట్టలు ఆరేసుకున్నారట. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో మామకూ గుర్తులేదు.

భార్యకు తప్ప ఎవరికీ చెప్పనిది మాత్రం పూర్తిగా నిజం. మామ టేపు వాడేవాడు కాదు. ముడులు వేసిన జనపనార తాడు ఒకటుండేది. ఒక ముడి పెనాల్టీ బాక్సుకి, ఒక ముడి గోల్‌కి పదకొండు మీటర్ల దూరాన ఉండే పెనాల్టీ చుక్కకి. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట కప్పు ఫైనల్ రోజు పొద్దున వాన కురిసింది. తాడు బయట తడిసిపోయింది. తొందరలో మామ ఆ తాడుతోనే కొలిచి చుక్క పెట్టాడు. జనపనార తడిస్తే బిగుసుకుని కురచవుతుంది. అది ఆయనకు తెలియక కాదు, ఆ పూట బుర్ర పనిచెయ్యలేదు. ఆ చుక్క మీంచే, ఆఖరి నిమిషంలో, ఎడమకాలు అనే ఆటగాడు పెనాల్టీ కొట్టాడు. క్లబ్బు చరిత్రలో ఉన్నది ఆ ఒక్క కప్పే.

ఎడమకాలుకి ఆ గోల్ చూసే ఒకాయన పిల్లనిచ్చాడు. తర్వాత చెప్పుల షాపు పెట్టుకుంటే, జనం చెప్పుల కంటే ముందు గోల్ కథ అడిగేవారు.

పాత గ్రౌండులో ఇప్పుడు అపార్టుమెంట్లు లేస్తున్నాయి. మధ్య ఖాళీలో, ఆ గోల్ కొట్టిన చోట, ఇత్తడి ఫలకం పెడతారట. చోటు చూపించడానికి మామని రమ్మన్నారు. మామ వెళ్ళేసరికి క్లబ్బు సెక్రటరీ స్టీలు టేపు చుట్టేస్తున్నాడు. కప్పు గెలిచేనాటికి అతను పుట్టలేదు.

“మీరు చెప్పక్కర్లేదు పెద్దాయనా, మట్టే చెబుతోంది.” గోల్ స్తంభాల పాత గుంటలకి ఎదురుగా, ఏళ్ళ తరబడి సున్నం పోసిపోసి తెల్లబడ్డ మట్టిని చూపించాడు. “సరిగ్గా పదకొండు మీటర్లు. ఫలకం మీదా అదే చెక్కించాం.”

ఎడమకాలు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. “ఏం మామా, నా చుక్క ఎక్కడికీ పారిపోలేదుగా?”

తల ఊపితే సరిపోయేది. డ్రిల్లింగ్ పనివాడు మిషను మొన ఆ మట్టి మీద ఆనించాడు.

“ఆగు!”

అరిచింది తనేనని మామకు అందరూ తన వైపు చూశాక తెలిసింది. మోకాళ్ళ మీద కూర్చుని, తెల్ల మట్టి మీద మోచెయ్యి ఆనించి, గోల్ వైపు చెయ్యి చాపి, వేలి కొసతో నేలని నొక్కాడు.

“ఆ రోజు చుక్క ఇక్కడుంది.” తాడు సంగతంతా చెప్పేశాడు.

ఎడమకాలు పకపకా నవ్వాడు. “ఇది గ్యాలరీ కథకి తమ్ముడా మామా?”

“కథ కాదురా. కథైతే మూరెడే చెబుతానా? మైలు చెప్పనూ?”

నవ్వు ఆగిపోయింది. “ఎప్పుడు తెలిసింది నీకు?”

“హాఫ్ టైంలో. ఎండకి తాడు ఆరింది. చుట్టబెట్టేముందు చుక్క దాకా మళ్ళీ కొలిచి చూశా, ముడి మూరెడు దాటింది.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే ఆట ఆపేస్తారని భయం. సున్నం డబ్బా మీద కూర్చుని దండం పెట్టుకున్నా, పెనాల్టీ రాకూడదని. ఎవరికీ రాకూడదని. మనకి కూడా.”

“మనకే వచ్చింది.”

“వచ్చింది.”

“షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను మామా. పదకొండు మీటర్ల నుంచి, పై మూలలోకి అని. నా మనవరాలు స్కూల్లో కూడా చెప్పింది.” ఎడమకాలు మెడ ఎర్రబడింది. “నీ నోరు అన్నిటికీ లేస్తుందిగా, దీనికి లేవలేదా?”

మామ లేచి నిలబడి, మోకాళ్ళకు లేని మట్టి కూడా దులుపుకున్నాడు.

“సార్, ఎక్కడ కొట్టాలో ఎవరో ఒకళ్ళు చెప్పండి,” అన్నాడు డ్రిల్లింగ్ మనిషి. “మిషను బరువుగా ఉంది.”

“తెల్ల మట్టి దగ్గరే,” అన్నాడు సెక్రటరీ కంగారుగా. “చెక్కించేశాం కదా. ఇప్పుడెవరు కొలుస్తారు?”

“నేను కొలుస్తాను,” అన్నాడు ఎడమకాలు. “ఇటొచ్చినప్పుడల్లా.” వెళ్ళి, మామ వేలు నొక్కిన చోట బూటు మొన పెట్టాడు. “ఇక్కడ కొట్టు. ఆ పదకొండు చెరిపించండి. గోల్ కొట్టాడని ఉంచండి, కొట్టాను కదా.”

మిషను మొదలైంది. ఎడమకాలు మామ వైపు చూడకుండా గేటు దాటాడు.

ఇద్దరికీ అదే బస్సు. ఎడమకాలు కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టాడు. మామ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక స్టాపు పోయింది, రెండో స్టాపూ పోయింది. మలుపులో బస్సు ఊగితే మామ తూలి ఎవరి కాలో తొక్కాడు. వాళ్ళు గయ్యిమన్నారు.

ఎడమకాలు సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“కూర్చో మామా,” అన్నాడు కిటికీలోంచి చూస్తూనే. “ఇక మాట్లాడకు.”

మామ కూర్చున్నాడు. దిగేదాకా మాట్లాడలేదు.