పదకొండు ఇళ్ళకు ఒకటే షవరు

సిడ్నీ నుంచి ఎనిమిది గంటలు కారు తోలితే వచ్చే మా వలగర్రాలో, కొత్త ఇల్లు కట్టిన ప్రతివాడూ కాగితం మీద మహా పొదుపరి. నీళ్ళు తక్కువ కార్చే షవరు, వాననీటి ట్యాంకు, ఎండ ఆపే అద్దాలు, అన్నీ ఉన్నాయని తనిఖీలో తేలితేనే ఇంట్లో అడుగుపెట్టనిస్తారు. తేలిన మర్నాడే షవరు మారిపోతుంది. ఆ పుణ్యకార్యం మా ప్లంబర్ మెర్విన్ డూలీది.

అతగాడి వ్యానులో ఒకే ఒక్క పొదుపు షవరు ఉండేది, అంచున పెచ్చు ఊడినది. దాన్ని బిగించి, ఫోటో తీసి పంపి, ముద్ర పడగానే ఊడదీసి, జడివాన కురిపించే పెద్దది పెట్టేవాడు. పదకొండు ఇళ్ళు అలా గట్టెక్కాయి. మాదీ ఒకటి. మోసమనకండి, ఊరంతా చేస్తే దాన్ని ఆచారమంటారు!

పన్నెండోది అతని సొంతిల్లు. ఊరందరి ఇళ్ళూ పూర్తిచేస్తూ దాన్ని అలా వదిలేశాడు. పాపం, భార్య నొరీన్ రెండు చలికాలాలు పెరట్లోని కారవాన్‌లో, చక్రాల మీది ఆ రేకు డబ్బాలో, సగం బకెట్ నీళ్ళతో ఒళ్ళు తుడుచుకుంటూ గడిపింది.

ఎట్టకేలకు అదీ పూర్తయింది. ఈసారి తనిఖీకి ప్రూ అనే కొత్తమ్మాయి వచ్చింది. పాత ఫోటోలన్నీ ముందే తిరగేసింది.

"డూలీ గారూ, ఈ ఊడిన పెచ్చు పదకొండు ఇళ్ళలో ఉందండీ. పాసయింది షవరు, ఇళ్ళు కాదు. అన్నిచోట్లా కొత్తవి బిగించి ఫోటోలు పంపండి. ఆఖరిది అందాకే మీ ఇంటికి అనుమతి."

నొరీన్ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "మూడో చలికాలం ఆ కారవాన్‌లో నేనుండను మెర్వ్. నువ్వుండు."

పది ఇళ్ళవాళ్ళు సణుగుతూనే ఒప్పుకున్నారు. నేను ససేమిరా అన్నాను.

"పోవోయ్! ఆ తుంపరకి సబ్బు కూడా వదలదు. నా ఇల్లు, నా షవరు."

మర్నాడు నొరీనే వచ్చింది, ఒక చేతిలో స్పానరూ కొత్త షవరూ, భుజాన తువ్వాలు.

"తప్పుకో కెవ్."

ఆ గొంతుకి తప్పుకున్నాను. తనే బిగించింది, తనే ఫోటో తీసి పంపింది. ఆనక తలుపు గడియ పెట్టుకుంది. నాలుగు నిమిషాలపాటు నీళ్ళ చప్పుడు వినబడింది.

తడి జుట్టు తుడుచుకుంటూ బయటికొచ్చింది. రెండేళ్ళకి నిలబడి చేసిన స్నానం. ముఖం ఎర్రగా కందింది, కళ్ళు కూడా.

"ఈ నీళ్ళు చాలవనా కెవ్, నన్నింకో చలికాలం ఆ డబ్బాలో ఉంచబోయావు?"

నాకు చచ్చేంత సిగ్గేసింది.