తెలుగును తెలుగులోకి మార్చిన గాబ్రియేలు సారు

మా గాబ్రియేలు సారు ఒకసారి గాడిద ఓండ్రను తెలుగులోకి తర్జుమా చేశాడు. అంతా విన్న తర్వాత ఆ గాడిద తల ఊపి, అవును, నేనన్నది అదేనని ఒప్పుకుంది. నా రెండు కళ్లతో చూశాను.

సరే, ఒప్పుకుందని ప్రమాణం చేయమంటే చేయలేను. తల ఊపిన మాట నిజం. వేంపల్లెలో ఈగలు ఎక్కువన్న మాట కూడా నిజం.

కానీ గాబ్రియేలు సారు సంగతిలో నేను కొసరు వేయాల్సిన పనిలేదు. ఆయన ఎదుట ఎవరు నోరు తెరిచినా, ఆ మాటను పక్కవాళ్లకు విడమరచి చెప్పకపోతే ఆయనకు ఊపిరాడేది కాదు. ఇంగ్లీషైతే తెలుగులోకి, ఉర్దూ అయితే తెలుగులోకి, తెలుగైతే మళ్లీ తెలుగులోకే.

ఒకసారి కడప బస్సులో కండక్టరు, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచాడు. సారు వెంటనే వెనక్కి తిరిగాడు.

"ఏమంటాండాడంటేనప్పా, వెనకాల జనం శానా ఉండారు, ముందర జాగా ఉండాది, అందుకని మనల్ని ముందుకు జరగమంటాండాడు."

కండక్టరు బిత్తరపోయాడు. "సారూ, నేను తెలుగులోనే గదా చెప్పింది?"

"తెలుగులోనే చెప్పినానంటాండాడు" అన్నాడు సారు మాతో.

నేను కాన్వెంటులో చదువు ముగించుకొని, వేంపల్లె మిషను బడిలో మొదటి ఉద్యోగానికి చేరిన కొత్తలు అవి. కొత్త రాజధాని కర్నూలులో సర్కారు డేరాల కింద నడుస్తుంటే, వేంపల్లెలో సినిమా డేరా కింద నడిచేది. గాబ్రియేలు సారు మా బడికి పెద్ద అయ్యవారు. ఆదివారాల్లో గుడిలో తెల్లదొర ఇంగ్లీషులో చేసే ప్రసంగాన్ని తెలుగులో చెప్పేది కూడా ఆయనే. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. అదే వాళ్లు చేసిన తప్పు.

దొర యోనాను పెద్ద చేప మింగిన కథ చెప్పాడు. సారు చేపను తీసేసి, పాపాఘ్ని ఏటిలో మొసలిని పెట్టాడు. నా నోరు తెరుచుకుంది, చాలాసేపు మూతపడలేదు. దేవుడి మాటలో అక్షరం మార్చినా నరకమేనని మా సిస్టర్లు బెత్తంతో నేర్పారు. ఈయన ఏకంగా ప్రాణినే మార్చేశాడు!

వెనక నుంచి ఎవరో అడిగారు. "సారూ, పాపాఘ్నిలో నీళ్లే లేవు, మొసలి యాడిది?"

"అందుకే గదప్పా యోనాను గట్టుమీద కక్కింది!"

గుడి మొత్తం ఔనౌనని తల ఊపింది. దొర తన ప్రసంగం జనానికి ఇంత బాగా అందినందుకు పొంగిపోయాడు. నేను మాత్రం పైకప్పు కూలుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో కూడా ఇదే తంతు. భార్య జీవమ్మ, "అన్నానికి లేస్తారా?" అంటే, ఆమెకు వినబడేటట్టే నాతో, "ఏమంటాండాదంటే, నువ్వు తొందరగా పోతే మేం తింటామంటాండాది" అనేవాడు. ఆమె తలుపు చాటునుంచి, "అయ్యో, నేనట్లా అనలేదు నాయనా!" అని మొత్తుకునేది. దాన్నీ తర్జుమా చేయడానికి ఆయన నోరు తెరిచేలోపు నేను వీధిలో ఉండేవాణ్ణి.

ఇక సినిమా డేరాలోకి అప్పుడప్పుడు అరవ బొమ్మలు, అంటే తమిళ సినిమాలు, వచ్చేవి. సారు ఎప్పుడో మద్రాసులో రెండేళ్లు టీచరు ట్రైనింగు చేశాడు కాబట్టి, ఊరి లెక్కన ఆయనకు అరవం వచ్చు. తెర పక్కన బెంచీ మీద నిలబడి, రేకు గొట్టం నోటికి పెట్టుకొని, బొమ్మ పొడుగునా కథ చెప్పేవాడు. ఆపరేటరు యంత్రం గొంతు తగ్గించి సారు గొంతుకు దారిచ్చేవాడు.

అట్లాంటి రోజుల్లో ఊరికి ఒక చిక్కు వచ్చి పడింది.

భీమమ్మ అని, నాలుగెకరాల వేరుశనగ చేను చేసుకునే మనిషి. ఆమె కొడుకు చిన్న ఈరన్న సినిమాల్లో చేరతానని మూడేళ్ల కిందట మద్రాసు పోయాడు. "అరవ బొమ్మలో జమీందారు వేషం కట్టినాను" అని బొమ్మ పేరుతో సహా జాబు రాశాడు. అరవ బొమ్మ కదా, వేంపల్లెకు ఎందుకొస్తుందిలే అన్నది అతని ధైర్యం. భీమమ్మ ఆ జాబును ఊరంతా చదివించింది. ఆ కబురు బనగానపల్లె దాకా పోయింది.

బనగానపల్లెలో నరసన్న అనే మామిడితోటల ఆసామి ఉన్నాడు. ఆయన కొడుకుకూ, భీమమ్మ కూతురు మద్దమ్మకూ సంబంధం మాటల్లో ఉంది. మద్దమ్మ మా బళ్లో ఐదో తరగతి దాకా చదివిన పిల్ల. సంతలో ఆ పిల్లవాణ్ణి ఒకసారి చూసి, ఆనాటి నుంచి ఎవరేమడిగినా నవ్వడం మొదలుపెట్టింది. నరసన్న మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డాడు.

"నాకు ఉన్నోళ్లా లేనోళ్లా అని లేదమ్మా. అబద్ధం చెప్పే ఇల్లు మాత్రం పనికిరాదు. మీవాడు జమీందారు వేషం కట్టినాడంటిరి. బొమ్మ వచ్చినాక చూస్తా. నిజమైతే ఆడనే తాంబూలం. కాకుంటే మీ దోవ మీది, మా దోవ మాది."

సరిగ్గా ఆ నెలలోనే మా డేరా ఆయనకు తెలుగు బొమ్మ దొరక్క, ఆ అరవ బొమ్మే తెచ్చాడు!

దాని పేరు ఇప్పుడు చెప్పను. అది సినిమావాళ్ల మీద సినిమావాళ్లే తీసుకున్న ఎగతాళి బొమ్మ. పొట్ట ముతలాళి, అంటే కంపెనీ యజమాని, కోపిష్టి డైరెక్టరు, అద్దం వదలని హీరో, చివరికి కంపెనీ దివాలా. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. మొదటి ఆటకు ఊరు ఊరంతా వచ్చింది. కుర్చీల్లో నరసన్న. ఆడవాళ్ల వైపు భీమమ్మ, పక్కన మద్దమ్మ. బెంచీ మీద గొట్టంతో సారు.

మూడో రీల్లో ఈరన్న కనిపించాడు.

"అదిగో మావాడు!" అని భీమమ్మ లేచి నిలబడింది. లేచినామె అట్లాగే ఉండిపోయింది. ఈరన్న ఒంటిమీద చిరిగిన బనీను. చేతిలో నీళ్ల బక్కెట. డైరెక్టరు వచ్చి ఈరన్న నడుం మీద ఒక్క తన్ను తన్నాడు. ఈరన్న బక్కెటతో సహా బురదలో పడ్డాడు.

నరసన్న మెల్లిగా తల తిప్పాడు. "జమీందారంటిరే? ఈయన నీళ్లు మోస్తాండాడే?"

మద్దమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. అందరం సారు వైపు చూశాం. అప్పుడు చూశాను, నా జీవితంలో అంతగా అదిరిపోయిన క్షణం లేదు: గాబ్రియేలు సారు నోరు మూసుకొని ఉన్నాడు. ఐదు క్షణాలు. ఆరు. ఆయనకు పక్షవాతం వచ్చిందనుకున్నాను.

అప్పుడు గొట్టం పలికింది.

"ఏమంటాండాడంటేనప్పా! ఈ బక్కెట మోసేటాయన ఎవురో ఆ తన్నినోనికి తెలియదు. ఈయన నూరూళ్ల జమీందారు! సినిమావాళ్లు పేదోళ్లను ఎట్లా చూస్తాండారో కనుక్కుందామని మారువేషంలో వచ్చినాడు!"

"ఓహో!" అంది డేరా.

డైరెక్టరు రెండోసారి తన్నాడు. నేల తరగతి నుంచి ఒకడు లేచాడు. "జమీందారైతే తిరిగి తన్నొచ్చు గదా సారూ?"

"తంతే కత ఈడనే అయిపోతాదప్పా. ఇంకా తొమ్మిది రీళ్లు ఉండాయి. కూర్చో!"

మూడోసారి తన్నేసరికి జనం డైరెక్టరు మీద జాలిపడటం మొదలుపెట్టారు. ఒక ముసలామె తెర దగ్గరికి పోయి, "ఒరే నాయనా, చాలించరా, ఆయన ఎవురో తెలిస్తే గుండె పగిలి సస్తావురా!" అని చెయ్యి ఊపింది. నాలుగో తన్నుకు ఈరన్న బురదలోంచి తలెత్తి, నేరుగా మా అందరి వైపు చూశాడు.

"ఏమంటాండాడంటే..." అని సారు ఆగాడు. గొట్టం కాస్త కిందికి దిగింది. "ఏమీ అనడంలే. ఊరికే చూస్తాండాడు."

ఆ తర్వాత ఈరన్న ఏడు రీళ్లపాటు కనబడలేదు. అయినా కథ సారు చేతిలోంచి జారలేదు. తెరమీద టెలిఫోను మోగితే, "జమీందారు దగ్గర్నుంచి ఫోను!" హీరోయిను ఏడిస్తే, "పెద్దమనిషిని తన్నినారని తెలిసి పాపం కుమిలిపోతాండాది!" కారు ఆగిపోతే, "పెట్రోలు ఈయొద్దని జమీందారు చెప్పినాడు!" నేను ఇంగ్లీషు చదివినవాణ్ణి, నేను కూడా కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాను. చివర కంపెనీ దివాలా తీసి, డైరెక్టరు రోడ్డు మీద తల పట్టుకొని కూర్చున్నాడు. అప్పుడు గేటు దగ్గర ఈరన్న మళ్లీ కనిపించాడు. గేటు మూసి, పెద్ద తాళం వేశాడు.

సారు బెంచీ మీద ఎగిరాడు. "చూడండప్పా! తాళంచెవి ఎవురి చేతిలో ఉండాదో చూడండి! కంపెనీ మొత్తం కొనేసినాడు!"

డేరా గుంజలు ఊగిపోయేంతగా చప్పట్లు. నరసన్న కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"నాలుగు తన్నులు తిని కూడా నేను ఇంతవాణ్ణని నోరు తెరవని మనిషి! ఆ ఇంటి పిల్ల మా ఇంటికే రావాల. ఏమమ్మా, తాంబూలం యాడ?"

ఆ బొమ్మ మా ఊళ్లో మూడు వారాలు ఆడింది. సారు లేని పులివెందులలో మూడు ఆటలు కూడా ఆడలేదట.

ముప్ఫై ఏళ్లు గడిచాయి. నేను కల్లూరులో ఇల్లు కట్టుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాత అరవ బొమ్మ వేశారు. కింద ఇంగ్లీషు అక్షరాలు. చూస్తే అదే బొమ్మ! ఇంటిల్లిపాదినీ పిలిచి, "ఇప్పుడు మారువేషంలో జమీందారు వస్తాడు చూడండి" అన్నాను.

ఈరన్న వచ్చాడు. తన్ను తిన్నాడు. కింద అక్షరాలు పడ్డాయి: "సరిగ్గా పడరా. నీకు చేతకాకపోతే గేటు బయట నూరుమంది నిలబడి ఉన్నారు." నేను కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చదివాను. ఫోను అప్పులవాడి దగ్గర్నుంచి వచ్చింది. హీరోయిను తన పాట కత్తిరించారని ఏడ్చింది. చివర్లో కాపలావాడు, "ఆ తాళం వాడి చేతికే ఇయ్యి, ఇంకెవరూ మిగల్లేదు" అన్నాడు.

"జమీందారు ఎప్పుడొస్తాడు తాతా?" అని మనవరాలు అడిగింది. ముప్ఫై ఏళ్లుగా నేను పదిమందికి చెప్పుకున్న బొమ్మ ఈ లోకంలో లేనే లేదు!

అప్పట్లో జనాన్ని నవ్వించిన ముతలాళి పొట్టా, హీరో అద్దమూ ఇప్పుడు చూస్తే చప్పగా ఉన్నాయి. ఆ సినిమావాళ్లు తమను తామే గిల్లుకున్నారు, నొప్పి పుట్టకుండా గిల్లుకున్నారు. ఇప్పటికీ చురుక్కుమనేది ఈరన్న చూపొక్కటే. పేర్లు వేసేటప్పుడు గుర్రం తెచ్చిన ఆయన పేరు కూడా వేశారు. ఈరన్న పేరు మాత్రం లేదు.

మర్నాడే వేంపల్లె బస్సెక్కాను. అప్పట్లో చెల్లెలి పెళ్లికని వచ్చిన ఈరన్న మళ్లీ మద్రాసు పోలేదు, సైకిలు షాపు పెట్టుకున్నాడు. చక్రం బెండు తీస్తూ నేను చెప్పిందంతా విన్నాడు.

"బొమ్మలో నాలుగేనప్పా. తీసేటప్పుడు పదకొండు సార్లు తన్నినారు. చిన్నోళ్లను తన్నేది తప్పని చెప్పే బొమ్మ గదా, సరిగ్గా రావాలని."

"మరి పెండ్లికి ఎట్లా వచ్చినావు?" అన్నాను.

"అబద్ధం బయటపడింది, ఊరికెట్లా రావాలని నేను ఏడుస్తాంటే సారు జాబు రాసినాడు" అన్నాడు ఈరన్న. "'నీకు ఈడ జమీందారీ వచ్చింది. పెండ్లికి రా. ఎవురేమడిగినా నవ్వు, మాట్లాడొద్దు, మాటలు నేను చూసుకుంటా' అని. దాంతోపాటు ఒక పార్శిలు. విప్పితే సారు ఆదివారం గుడికి వేసుకునే నల్లకోటు. ఆయనకు ఉండింది అదొక్కటే. నాకు భుజాలు పట్టలేదు. అయినా పెండ్లి మూడు దినాలూ ఇప్పలే."

అక్కణ్ణుంచి నేరుగా సారు ఇంటికి పోయాను. ఎనభై దాటిన మనిషి, అరుగు మీద నులక మంచంలో కూర్చొని ఉన్నాడు. జీవమ్మ మజ్జిగ తెచ్చింది. నేను మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పి, "ఎందుకు చేసినారు సార్ అంత పని?" అని అడిగాను.

ఆయన మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు.

"ఎవురు, నేనా? నీకు ఎండదెబ్బ తగిలిందప్పా. నేను డేరాలోకి అడుగే పెట్టలే. బొమ్మ ఆడేటప్పుడు నోరు తెరిచేటోళ్లంటేనే నాకు శానా మంట. నాకు కోటు ఏనాడూ లేదు. ఇంక అరవమా? అరవం నాకు ఒక్క ముక్క రాదు. మజ్జిగ తాగి ఇంటికి పో."