సమర్‌ఖండ్‌లో గొల్లభామ

సిద్ధిరాములు మగ్గం గుంటకు ఎదురుగా, గోడ మీద ఒక నీలం ఉండేది. బడి పుస్తకాలకు అట్టలు వేయగా మిగిలిన రష్యా పత్రిక కాగితం అది. అందులో సమర్‌ఖండ్ చౌరస్తా. మూడు పెద్ద దర్వాజలు, వాటి పక్కన నీలి గుమ్మటాలు. గోడ చెమ్మకు కాగితం అంచులు పండుటాకులా ముడుచుకున్నా ఆ నీలం మాత్రం వెలిసిపోలేదు. అంత నీలం ఏ నూలుకూ పట్టదని అతని నమ్మకం. నడుము దాకా భూమిలో దిగి కూర్చుని, పన్నెండేళ్లు దాన్నే చూస్తూ, చల్లకుండ మోసే భామ బొమ్మలతో గొల్లభామ చీరలు నేశాడు.

ఎనభై ఎనిమిదిలో సోవియట్ దేశంలో మన కళల ఉత్సవాలు జరిగాయి. సిద్దిపేట నుంచి అతన్నీ, చేర్యాల నుంచి బొమ్మల పటాలు వేసే భిక్షపతినీ పంపారు. తాష్కెంట్, బుఖారా, చివరికి సమర్‌ఖండ్. బస్టాండు దాకా వచ్చిన భార్య చంద్రవ్వ ఒక్కటే అడిగింది.

"గా గుమ్మటాల కింద నిలవడి, నిజంగ అంత నీలమేనా సూసి రా. నాకు జెప్పాలె."

అక్కడ గుంట తవ్వే వీలు లేదు, ప్రదర్శనశాల నేలంతా పాలరాయి. అందుకని చెక్కతో ఎత్తుగా అరుగు కట్టి, కాళ్లు దిగడానికి మధ్యలో బొంద కోసి, అతన్ని అందులో కూర్చోబెట్టారు. చుట్టూ ఎర్ర తాడు. తాష్కెంట్ నుంచి బుఖారాకు ఆ అరుగు కూడా లారీలో వెంట వచ్చింది. పొద్దున బస్సు దింపేది, చీకటి పడ్డాక ఎక్కించేది. ఊరు మారినా బొంద మారలేదు.

భిక్షపతి పటాలు గోడకు వేలాడి వాటిని అవే చూపించుకునేవి. ఆయన ఊరి మీద పడేవాడు.

"అన్నా, గీడ కత్తెరలు కొంగ ముక్కు లెక్క జేస్తరే! గల్లీల రాగి పళ్లాలు గొట్టుడే గొట్టుడు. దూరంగ మంచు కొండలు, దగ్గర్ల పత్తి చేన్లు. నువ్వేందో గా బొందల్నే పుట్టినట్టు కూసున్నవ్."

"నువ్వు పటం ఇడ్సిపెట్టి పోతవ్. నేను మగ్గాన్ని నడుముకు కట్టుకొని తిరగాల్నా?"

సమర్‌ఖండ్‌లో చివరి రోజు. హిందీ వచ్చిన దుబాసీ గుల్నారా మాట ఇచ్చింది. నాలుగింటికి బస్సులో అందరూ చౌరస్తాకు. మర్నాడు పొద్దున్నే విమానం. సిద్ధిరాములు రెండింటికే చేతిలోని గొల్లభామకు తల, తల మీద చల్లకుండ నేసేసి, పోగు నడిపే నాడె పక్కన పెట్టాడు.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. నాలుగు పలకల టోపీ. మార్గిలాన్‌లో పట్టు నేస్తాడని గుల్నారా చెప్పింది. అతని వేళ్ల సందున కూడా అవే కాయలు. గుండె మీద చేయి పెట్టుకుని, మొదటి పోగు నుంచి చూపించమన్నాడు.

సాటి నేతగాడు అడిగితే కాదనడం ఎట్లా? పాదాల దాకా అయితే మళ్లీ ఊడదీయవచ్చు, అనుకున్నాడు. పడుగు పోగులు వేళ్లతో లేపి, రంగు కండెలు ఒక్కొక్కటే దూర్చి పాదాలు నేశాడు. ముసలాయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూస్తూ చూస్తూ లంగా అంచు, ఆపైన కుచ్చిళ్లు. ఊడదీసే వీలు దాటి నడుము దగ్గరికి వచ్చేసరికి బయట హారన్ మోగింది.

"చలియే భాయ్‌సాబ్!" గుల్నారా తాడు ఎత్తిపట్టింది.

సిద్ధిరాములు చేతులు అరుగు అంచును పట్టుకున్నాయి. లేవలేదు. తల పెట్టకుండా మగ్గం మీద నుంచి లేస్తే, తలలేని భామ ఇల్లిల్లూ తిరిగి పిల్లల తల అడుగుతుందని చిన్నప్పుడు తల్లి పెంటవ్వ చెప్పింది. నేత పట్టిన నలభై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. కూతురు పుట్టిందని కబురొచ్చిన నాడు కూడా తల నేశాకే లేచాడు.

"ఇంకెంత సేపే?" భిక్షపతి అరిచాడు.

"రెండు గంటలు."

"అప్పటికి చీకటైతది. లెవ్వన్నా, గది బొమ్మ!"

"బొమ్మనే. ఇంట్ల పిల్లలున్నరు. మీరు పోన్రి."

బస్సు వెళ్లిపోయింది. ముసలాయన కదలలేదు. రవిక, చేతులు, మెడ. పైనున్న చిన్న కిటికీలో ఆకాశం బూడిద రంగు తిరిగింది. చల్లకుండ పూర్తయ్యేసరికి శాలలో దీపాలు వెలిగాయి. ముసలాయన చేయి పట్టి అతన్ని బొందలోంచి లేపాడు.

సిద్దిపేటలో చూడవచ్చిన వాళ్లందరికీ కొంగ ముక్కు కత్తెరలూ మంచు కొండలూ తానే చూసినట్టు చెప్పాడు. జనం పోయాక చంద్రవ్వ రాట్నం ఆపింది.

"నిజంగ అంత నీలమేనా?"

"సూడలె," అన్నాడు. ఎందుకు లేవలేదో చెప్పాడు.

మూలన నూలు చిక్కు తీస్తున్న పెంటవ్వ పకపకా నవ్వింది. "ఓ నా కొడుకా, గా మాట ఇంకా పట్టుకునున్నవా? సగంల ఇడ్సి కోమటిచెరువుకు ఈతకు ఉరుకుతుంటివని నిన్ను ఆపేటందుకు అన్న. యాడి భామ, యాడి తల!"

చంద్రవ్వ నవ్వలేదు. "మరి గిన్నేండ్లు జెప్పకపోతివత్తా?"

"గిన్నేండ్లు మంచిగ కూసున్నడు గదనే. ఎందుకు జెప్పాలె?"

మర్నాడు గొల్లభామ నడుము దాకా నేసి, సిద్ధిరాములు నాడె పక్కన పెట్టాడు. గుంటలోంచి లేచి వీధిలోకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం తన వీధి ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. ఎండలో ఆరేసిన పడుగు మీద గాలి నడుస్తోంది. చెరువు దిక్కు పది అడుగులు వేశాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు. అయినా నడుము దగ్గర ఏదో పోగు తెగకుండా లాగుతూనే ఉంది.

"ఏడికి?" గుమ్మంలోంచి చంద్రవ్వ.

"ఏడికి లేదు."

తిరిగొచ్చి గుంటలో దిగాడు. గోడ మీది నీలం వైపు చూడకుండా, తల పెట్టడానికి పోగులు లేపాడు.