మా ట్రాక్టరుకు నేను చేసిన వైద్యం

నా కొంప నేనే ముంచుకున్న వైనం చెబుతాను. మొహమాటం లేకుండా నవ్వండి. మా ఊరంతా నవ్వగా మిగిలిందే మీకు వడ్డిస్తున్నాను.

డెబ్భైల చివర, ఐటీఐ పాసైన కొత్త. పలమనేరులో రిపేరు షెడ్డు పెట్టాలని నా ఆశ. మా నాయనకేమో నా పనితనం మీద గురి లేదు. అందుకని ఆయుధపూజకు మా పాత ట్రాక్టరును విప్పి, కడిగి, నట్టూ బోల్టూ వదలకుండా ఎర్ర రంగు పులిమి, పెళ్లికూతురిలా నిలబెట్టాను. "బాగుండాదే!" అన్నాడు నాయన. ఆ ఒక్క మాటకే నేను నేల మీద నిలవలేదు.

మూడోనాటికి బ్యాటరీ చచ్చింది. తోసి స్టార్టు చేస్తే ఇంజను తిరుగుతోంది గానీ, ఛార్జింగు మీటరు ముల్లు కదలదు.

"నువ్వే బాగుచేస్తే షెడ్డు పెట్టిస్తా. లేదంటే ఆవులకాడ పాలు పిండుకుంటా ఉండు," అన్నాడు నాయన.

"ఇదెంత పని నాయనా! డైనమో పోయింటాది."

డైనమో విప్పి లోపల అరిగిన కార్బన్ బొగ్గులు మార్చాను. ముల్లు కదల్లేదు.

"ఏమప్పా?"

"బెల్టు వదులైంటాది నాయనా."

బెల్టు బిగించాను. ముల్లు మాత్రం నిద్ర లేవలేదు.

"ఇంకేముండాది?"

"బ్యాటరీ ముసిల్దైపోయినాది."

పక్కింటి రెడ్డెప్ప ట్రాక్టరు బ్యాటరీ అరువు తెచ్చాను. రెండు రోజుల్లో అదీ ఖాళీ. ఇక పొద్దున్నే ఊరి జనం రెండు ట్రాక్టర్లు తోయాల్సి వచ్చింది.

"వీడు సదివింది రిపేరా, తోపుడా?" అని రెడ్డెప్ప వీధంతా వినబడేలా అరిచాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చివరికి నాయన పలమనేరు నుంచి ముసలి మెకానిక్కు మస్తాన్ సాయిబును పిలుచుకొచ్చాడు. ఆయన డైనమోను తాకనే లేదు. డైనమో కరెంటును బ్యాటరీకి పంపే కటౌటు పెట్టెను విప్పి, వెనక్కి తిప్పి చూశాడు.

"ఈ రంగు ఎవురేసినారబ్బా?"

"నేనే భాయ్!" అన్నాను రొమ్ము విరుచుకుని. "రెండు చుట్లు ఏసినా."

"పెట్టె ఎనకాల గూడానా?"

"ఆడ గూడా తుప్పు పట్టకూడదు గదా!"

సాయిబు చాకు తీసి, పెట్టె వెనకా, అది కూర్చునే చోటా ఇనుము తేలేదాకా రంగు గీకాడు. "ఇది ఇనుముకు అంటుకొని ఉంటేనే పనిచేసేది. నీ రంగులోంచి కరెంటు యాడ పోతాది?" అంటూ మళ్లీ బిగించాడు.

తోశాం. ముల్లు ఎగిరి అవతలికి దూకింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగా నేనే, వెతికే పోలీసూ నేనే!

"పిల్లోడికి షెడ్డు పెట్టిస్తానంటివంట?" అడిగాడు సాయిబు.

"పెట్టిస్తా భాయ్," అన్నాడు నాయన నా వైపు చూడకుండానే. "ఎద్దుల కొమ్ములకు రంగులేసే షెడ్డు. వాటికైతే కరెంటుతో పని ల్యా."

మర్నాడు ఆవు పొదుగు కింద కూర్చుని, పాలచెంబు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో రంగు డబ్బా మూత తీయను. మా ఇంటి తలుపులకు ఈనాటికీ రంగు లేదు. మా ఆవిడ ఏటా పోరుతూనే ఉంది. ఏ తలుపు వెనక ఏ కరెంటు ఆగిపోతుందో, ఎవరు చూడొచ్చారండీ?