జీడి కాదని చెప్పిన బొడ్డమ్మ

బొడ్డమ్మ బొటనవేలికి గీతలు లేవు. పలాసలో జీడిపిక్కలు కొట్టే షెడ్డులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన చెయ్యి అది. పిక్క పగిలినప్పుడల్లా పెంకులోని నూనె చిందుతుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పులుముకున్నా అది చర్మాన్ని కాల్చి, నల్లబరిచి, పొరలుగా ఊడగొడుతుంది. అక్కడి ఆడవాళ్ళు దాన్ని ఉత్తినే ‘జీడి’ అంటారు. 2002లో టెక్కలి కోర్టులో సాక్ష్యం కాగితం మీద ఆమెచేత వేలిముద్ర వేయిస్తే నల్లటి మరక పడింది తప్ప ఒక్క గీతా పడలేదు. బెంచి క్లర్కు మళ్ళీ వెయ్యమన్నాడు.

“ఎన్నిసార్లేసినా అంతే బాబూ. గీతలన్నీ షెడ్డులోనే వొగ్గీసినాను” అంది.

అప్పట్లో నేను ఆ కోర్టులో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ప్లీడర్ని. అందరూ పీపీగారమ్మ అనేవారు. నాకు కోపం ఎక్కువ. ముద్దాయిల మీదకన్నా సాక్షుల మీద ఎక్కువ. పోలీసుల దగ్గర గలగలా చెప్పి, బోనెక్కగానే కళ్ళు తేలేసే సాక్షులని చూసీ చూసీ నా నోరు పాడైపోయింది. బొడ్డమ్మని కూడా మొదట్లో ఆ లెక్కలోనే వేశాను. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

నందిగాం మండలంలో వాళ్ళ ఊరు. ఆమె భర్త వైకుంఠరావు కొబ్బరికాయలు దింపేవాడు. దడికి అవతలి ఇల్లు ఢిల్లీరావుది. కబడ్డీ ఆటగాడు. విశాఖలో ఒక కంపెనీ తన జట్టులో ఆడించడానికే అతనికి ఉద్యోగం ఇచ్చింది. రాష్ట్రం తరఫున కూడా ఆడాడు. అతను కూతకి వెళ్తే ముగ్గురిని లాక్కుని వస్తాడని ఊళ్ళో చంటిపిల్లలు కూడా చెప్పేవారు. సెలవులకి ఇంటికొస్తే ఊరంతా పండగ. అతని భార్య నీలవేణికి మాత్రం కాదు. ఆమె బొడ్డమ్మతోపాటే రోజూ బస్సెక్కి షెడ్డుకి వెళ్ళేది. మొగుడి జీతం మొగుడి సోకులకే సరిపోయేది.

1999 నవంబరులో ఒకరోజు నీలవేణి పనినుంచి రావడం ఆలస్యమైందని ఢిల్లీరావు పెరట్లో ఉన్న కొబ్బరిమట్ట తీసి వీపు మీద కొట్టాడు. మూడో దెబ్బకి బొడ్డమ్మ దడి తోసుకుని వెళ్ళి అడ్డం పడింది. అప్పటికి సాయంత్రం అయిదున్నర. ఆటో పిలిచి, నీలవేణిని గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు ఆరున్నరకి గాయాల సర్టిఫికెట్ రాశాడు. భుజం కిందనుంచి నడుం దాకా మూడు వాతలు, వాపు, నీలం రంగు అని. మర్నాడు పోలీసులు కేసు కట్టారు. భార్యని హింసించడం, కర్రతో కొట్టి గాయపరచడం అని రెండు సెక్షన్లు. ఢిల్లీరావుకి పూట తిరక్కుండా బెయిలొచ్చింది.

ఆ తర్వాత మూడేళ్ళు నేను చూసింది కేసు కాదు, ఆటల క్యాలెండరు. వాయిదా రోజు ముద్దాయి రాడు. అతని ప్లీడరు లేచి, “మా క్లయింటు జాతీయ పోటీలకి వెళ్ళారండీ” అనేవాడు, ముద్దాయి దేశాన్ని కాపాడడానికి సరిహద్దుకి వెళ్ళినట్టు. ఒకసారి జ్వరమని సెలవు పిటిషన్ వేశారు. మర్నాడు పేపర్లో కప్పు పట్టుకుని నవ్వుతూ ఫొటో. ఆ పేపరు తీసుకెళ్ళి మేజిస్ట్రేటుగారి ముందు పెట్టి వారంటు వేయించాను. ఆ పూట భలే తృప్తిగా అన్నం తిన్నాను. బొడ్డమ్మ రెండుసార్లు పని మానుకుని వచ్చి, ముద్దాయి లేడని వెనక్కి పోయింది.

ఎట్టకేలకు విచారణ మొదలైంది. నీలవేణి వణుకుతూనే ఉన్నదున్నట్టు చెప్పింది. అంతే, అక్కడినుంచి కేసు కూలడం మొదలు. ఊళ్ళో పెద్దమనిషి సూర్యారావు ఇంటింటికీ తిరిగి, “శిక్ష పడితే ఆడి ఉద్దోగం పోతాది. ఉద్దోగం పోతే ఊరు పరువు పోతాది” అని చెప్పి వచ్చాడు. ఇరుగుపొరుగు సాక్షులు ముగ్గురూ అడ్డం తిరిగారు. ఒకడు ఆ రోజు కళ్ళ కలకతో ఉన్నాడట. రెండోవాడు అసలు ఢిల్లీరావుకి పెళ్ళయిన సంగతే తెలీదన్నాడు. ఆ పెళ్ళిలో వడ్డించింది వాడే.

దానికి తోడు డాక్టరు. ముద్దాయి తరఫున వచ్చిన శ్రీకాకుళం ప్లీడరు అతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “ఆవిడ ఆ రోజు జీడి షెడ్డులో పనిచేసి వచ్చింది. పిక్కల బస్తా వీపున మోసింది. నూనె కారి తగిలితే ఇలాంటి మచ్చలు రావచ్చా?” డాక్టరుది గోదావరి వైపు. నీలవేణి గాయాలు చూసేనాటికి ఆ ఉద్యోగంలో చేరి రెండు నెలలు, ఆ ఏడాదే బదిలీ మీద వెళ్ళిపోయాడు. జీడిపప్పు ఉప్మాలో తప్ప ఎక్కడా చూడని మనిషి. “అవకాశం లేకపోలేదు” అన్నాడు. ఆ ప్రాంతంలో ఆ మాట కాదనేవాడు ఎవడు? పలాసలో ఏ ఆడదాని ఒంటిమీద చూసినా జీడి మచ్చలే.

ఇక మిగిలింది బొడ్డమ్మ. ఆమె కూడా అడ్డం తిరిగితే ఢిల్లీరావు దండలు వేయించుకుని ఇంటికి పోతాడు, నీలవేణి అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది. ఆమె సాక్ష్యం రోజు పదిన్నరకి కేసు పిలిచారు, ఆమె లేదు. పదకొండుకీ లేదు. కిటికీలోంచి చూసీ చూసీ నా మెడ నొప్పెట్టింది. పదకొండుంపావుకి వచ్చింది, కానీ పక్కన వైకుంఠరావు ఉన్నాడు. మొగుణ్ణి వెంటేసుకుని వచ్చిన సాక్షి నిలబడడం నా సర్వీసులో నేను చూడలేదు. అయిపోయిందనుకున్నాను.

బోనెక్కింది. నా ప్రశ్నలకి సూటిగానే చెప్పింది. కొబ్బరిమట్ట, మూడు దెబ్బలు, ఆటో. శ్రీకాకుళం ప్లీడరు నవ్వుతూ లేచాడు.

“నీలవేణి ఒంటిమీద అంతకుముందు కూడా మచ్చలుండేవి కదా? షెడ్డులో మేస్త్రీ అడిగితే ఏం చెప్పావు?”

బొడ్డమ్మ తల దించుకుంది. “జీడి తగిలిందని సెప్పాను.”

“ఎన్నిసార్లు చెప్పావు?”

“రెండుసార్లు.”

“నువ్వే జీడి అని చెప్పావు. ఇప్పుడు కొట్టాడంటున్నావు. అబద్ధం షెడ్డులో చెప్పావా, ఇక్కడ చెబుతున్నావా?”

అతను “రెండుసార్లు” అన్న మాట దగ్గరే ఆగి కూర్చుని ఉంటే గెలిచేవాడే. ఆ చివరి ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాడు. పాపం, పట్నం ప్లీడరు.

“షెడ్డులోనే సెప్పాను బాబూ. ఇరవై రెండేళ్ళబట్టీ సెప్తన్నాను. నాను ఒక్కద్దాన్నే కాదు. మా షెడ్డులో అందరం అదే సెప్తాం. మొగుడు కొడితే ఏటని సెప్పుకుంటాం? సిగ్గు గదా. జీడి తగిలిందంటే ఇంకెవులూ అడగరు.”

ప్లీడరు ఆపబోయాడు. మేజిస్ట్రేటుగారు చెయ్యెత్తి, “చెప్పనివ్వండి” అన్నారు. బొడ్డమ్మ రవిక చెయ్యి పైకి లాగి, మోచేతి కింద నల్లటి మచ్చ చూపించింది.

“ఇది జీడి.” తర్వాత మోచేతి పైన పాలిపోయిన పొడుగాటి గీత చూపించింది. “ఇది కాదు. ఇది మా ఆయన. సెట్టెక్కే మోకు తాడుతో.”

కోర్టు గుమ్మంలో వైకుంఠరావు నిలబడి ఉన్నాడు. ఆమె అటు చూడలేదు. నేను చూశాను. అతని మొహం మాడిపోయింది. మూడేళ్ళుగా ఈమెని నమ్మని నా మీద నాకే రోత పుట్టింది.

“రెండూ ఒకలాగ ఉండవు బాబూ” అంది మేజిస్ట్రేటుగారితో. “జీడి తగిల్న పూట ఏటీ అవుపడదు. మంటెడతాది, అంతే. మర్నాడు పొక్కుతాది. మూడోనాడు నల్లబడి తొక్క లేత్తాది. ఆ నీలవేణి గుంట ఈపు ఆటో ఎక్కీసరికే ఉబ్బిపోయి నీలంగా తేలిపోనాది. జీడయితే అంత బేగి తేల్తదేటి? మా ఊరి సిన్న గుంటల్నడిగినా సెప్తారు.”

మేజిస్ట్రేటుగారు ఫైల్లోంచి గాయాల సర్టిఫికెట్ తీసి టైము చూశారు. సాయంత్రం ఆరున్నర. వాపు, నీలం. బొబ్బల మాటే లేదు. ఆ కాగితం మూడేళ్ళుగా నా దగ్గరే ఉంది. చట్టం పుస్తకాలన్నీ నమిలి మింగిన నాకు తట్టని సంగతి అది. శ్రీకాకుళం ప్లీడరు ఇంకేం ప్రశ్నలు లేవని కూర్చున్నాడు.

బయటికి వెళ్ళి చూద్దును కదా, వరండాలో వైకుంఠరావు ఆమె టిఫిను గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరో శిక్ష వేసినట్టు. బొడ్డమ్మ గిన్నె అందుకుని మెట్ల మీద కూర్చుని చద్దన్నం తింటోంది. నేను పక్కకి పిలిచాను.

“వాడితో ఇంటికెళ్ళడానికి భయంగా లేదా?”

“భయమేటి పీపీగారమ్మా? దాసినన్నాళ్ళూ ఉండీది. ఇప్పుడు జడ్జిగారి కాయితం మీద ఎక్కిపోనాది. మళ్ళీ సెయ్యెత్తితే జీడని సెప్పలేను గదా. ఆడికీ తెలుసు.”

“మరి వాణ్ణి ఎందుకు తీసుకొచ్చావు?”

“నాను తేలేదు. నన్ను కాపలా కాయమని సూర్యారావుగారే తోలినారు” అని నవ్వింది.

తీర్పు రెండు నెలలకి వచ్చింది. ఏడాది జైలు, జరిమానా. తీర్పులో ఒక పేరా నిండా జీడి గురించే. అప్పీలులో శిక్ష ఆరునెలలకి తగ్గించారు గానీ నేరం రుజువైందన్న మాట కదల్లేదు. కంపెనీ అతన్ని జట్టులోంచి, ఉద్యోగంలోంచి తీసేసింది. నీలవేణి జలంత్రకోటలో మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడినుంచే పలాసకి పనికొచ్చేది. తీర్పు చదువుతుంటే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను కోర్టులో ఎప్పుడూ ఏడవలేదు. ఆ రోజు బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను, మూడేళ్ళ బరువు దిగిపోయినట్టయి.

ఊరు బొడ్డమ్మతో మూణ్ణెల్లు మాట్లాడలేదు. ఆ తర్వాత కొబ్బరి దింపుల కాలం వచ్చి, ఆమె మొగుడితో పని పడి, మాట్లాడక తప్పలేదు. వైకుంఠరావు మంచివాడైపోయాడని రాస్తే బొడ్డమ్మే నన్ను తిడుతుంది. చెయ్యి ఎత్తడం మానేశాడు, అంతే. అంతే చాలంది ఆమె.

2004లో నాకు బదిలీ అయింది. వెళ్ళే ముందు పలాస వెళ్ళి షెడ్డులో బొడ్డమ్మని చూశాను. యాభై మంది ఆడవాళ్ళు చెక్క దుడ్లతో టకటకా పిక్కలు కొడుతున్నారు. కొత్తగా చేరిన భానుప్రియ అనే పిల్ల మోచేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఏమయిందని ఎవరో అడిగారు.

“జీడి తగిలింది” అంది.

టకటకలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అందరూ బొడ్డమ్మ వైపు చూశారు. బొడ్డమ్మ దుడ్డు కింద పెట్టింది.

“ఎప్పుడు తగిలినాది?”

“మూడ్రోజులైందప్పా.”

“ఇలగ రా. ఇప్పు.”

ఆ పిల్ల గుడ్డ విప్పింది. బొడ్డమ్మ ఆ చేతిని కిటికీ వెలుతురు కిందకి తిప్పి, గీతలు లేని బొటనవేలితో అంచులు తడిమి చూసింది. చర్మం నల్లబడి, కొసల్లో పొర లేస్తోంది. షెడ్డంతా ఎదురుచూస్తోంది.

“జీడే” అంది బొడ్డమ్మ.

షెడ్డంతా నవ్వేసింది. భానుప్రియ అందరికన్నా గట్టిగా నవ్వింది. బొడ్డమ్మ ఆముదం సీసా అందుకుని ఆ పిల్ల మోచేతికి రాస్తుంటే, మిగతావాళ్ళు మళ్ళీ పిక్కలు కొట్టడం మొదలుపెట్టారు.