తండా పిల్లను ‘ఉస్తెద్’ అన్నందుకు

మా ఊరి పఠన మందిరంలో ఆదివారం స్పానిష్ క్లాసు ఎందుకు ఆగిపోయిందో చెప్పే కథ ఒకటి ఊళ్లో తిరుగుతోంది. గదికి సున్నం వేస్తున్నారట, నాకేమో తీరిక లేదట. రెండూ అబద్ధాలే. గోడల మీద పాత మరకలు అట్లాగే ఉన్నాయి. నాకు కావలసినంత తీరిక ఉంది. జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే ఆ లేని సున్నమే నిజమైపోతుంది. అందుకే రాస్తున్నాను.

నేను ఇంటర్‌తో చదువు ఆపి జనగామలో ఎరువుల దుకాణంలో పనికి కుదిరినవాణ్ణి. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే గ్రంథాలయానికి పోయేవాణ్ణి. నాకు తెలిసినదంతా అక్కడి బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నదే. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. అట్ట ఊడిన స్పానిష్ వాచకం అక్కడే దొరికింది. ఉచ్చారణ ఫోన్‌లో విని దిద్దుకున్నాను. చదివేకొద్దీ అది మన భాషకు చుట్టంలా కనిపించింది. మనం ‘వచ్చినం’ అంటే చాలు, ‘మేము’ అని విడిగా చెప్పనక్కర్లేదు. వాళ్లూ అంతే. ‘ఆబ్లామోస్’ అంటే ‘మాట్లాడుతం’. మనిషి క్రియ చివరే దాగి ఉంటాడు.

ఊరి పిల్లలు అడిగితే క్లాసు మొదలుపెట్టాను. బచ్చన్నపేట దారిలో ఉన్న తండా నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఇంట్లో తండా భాష, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు నేర్చిన ఆమెకు నాలుగోది బరువు కాలేదు. హైదరాబాద్‌లో విదేశీ కస్టమర్లతో స్పానిష్‌లో మాట్లాడే ఉద్యోగానికి ఆమెకు ఫోన్ ఇంటర్వ్యూ ఉంది. ఆమెకున్న తయారీ అంతా ఈ క్లాసే.

ఆ రోజు బోర్డు మీద ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే మీరు అని రాశాను.

“అమ్మను ఏమంటారు?”

“తూ!” అన్నారందరూ. నిజమే, మనకు అమ్మా నాయినా ప్రేమగా నువ్వే.

“ముక్కూ మొహం తెలియని ముసలాయనను?”

“పటేలా, మామూలోడా అన్నా?” అన్నాడొకడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నా వాచకంలో ఎక్కడా లేదు.

తర్వాత జంటలుగా కూర్చోబెట్టాను. ఒకరు కస్టమర్, ఒకరు ఉద్యోగి. పఠన మందిరం కమిటీ పెద్దాయన కొడుకు ఉద్యోగి, తండా అమ్మాయి కస్టమర్. అతను మొదటి మాటే ‘తూ’ అన్నాడు. దిద్దాను.

“అన్నా, గామెను ఉస్తెద్ అనుడేంది? వాళ్ల తాత మా బాయికాడ జీతమున్నడు.”

“మా తాత ఉన్నడు, నేను లేను గద. జర జల్ది అను, కస్టమర్ ఫోన్ పెట్టేస్తది” అంది ఆమె.

గది గొల్లున నవ్వింది. అతను తల వంచుకుని “కోమో ఎస్తా ఉస్తెద్” అన్నాడు. ఎలా ఉన్నారు మీరు? అంతే. చేసిన నేరం ఇదే.

మరుసటి ఆదివారం కమిటీ పెద్ద చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

“ఏందిరా, మా పోరనితోని తండ పిల్లను ‘మీరు’ అనిపించినవట?”

“స్పానిష్‌ల అనిపించిన, పటేలా.”

“ఏ భాషయితేంది, నోరు మాదే గద! గా పిల్లను క్లాసుల నుంచి తీసెయ్. లేకుంటె తాళంచెయ్యి ఇయ్యి.”

ఆమె అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంది. “నేను బోత తియ్ అన్నా. అందరిది ఖరాబెందుకు?”

ఆయన మాటకన్నా ఆ మాట నన్ను ఎక్కువ మండించింది. ఇరవై దాటిన పిల్ల తన చదువును అంత తేలిగ్గా వదులుకోవాలా? మా దిక్కు ప్రేమకూ నువ్వే, చిన్నచూపుకూ నువ్వే. తేడా గొంతులో తెలుస్తుంది. ఆయన నన్ను ఒరే అంటుంటే నేను పటేలా అంటున్నానని కూడా అప్పుడే తట్టింది. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, “క్లాసు తండల ఉంటది. వచ్చేటోళ్లు రండి” అన్నాను.

సగం మంది వచ్చారు. ఆ అమ్మాయి ఇంటి ముందు రేకుల కింద కూర్చున్నాం. ఆడవాళ్లే ఉంటే మేము అనడానికి ‘నొసోత్రాస్’, ఒక్క మగవాడు కలిసినా ‘నొసోత్రోస్’ అని చెప్తుంటే, పత్తి ఏరి అప్పుడే వచ్చిన వాళ్లమ్మ ఆగి వింది.

“గా దేశంల గూడ గంతేనా బిడ్డా!” అంది.

కమిటీ పెద్దాయన కొడుకు మాత్రం ‘అన్నా, నోట్స్ పంపు’ అని మెసేజ్ పెట్టాడు. వచ్చి కూర్చోమన్నాను. రాలేదు.

ఇంటర్వ్యూ కూడా ఆ రేకుల కిందే జరిగింది. ఫోన్ పెట్టేశాక, ఎట్లా అయిందని మేం అడిగేలోపే ఆమె అంది: “అన్నా, ఇంటర్వ్యూ చేసినామె నన్ను ఉస్తెద్ అన్నది. మొదటి మాటకే!” రెండో ఇంటర్వ్యూకు పిలిచారన్న సంగతి తర్వాత గుర్తుకొచ్చి చెప్పింది.

నాకు తోడున్నవాళ్లందరినీ పేరుపేరునా తలచుకోవాలని ఉంది. కానీ వాళ్లు అదే ఊళ్లో బతకాలి. అందుకని పేర్లు లేకుండానే: వాచకాన్ని గడువు దాటినా అడగని గ్రంథాలయం సారుకు, రేకుల కింద చోటిచ్చిన అమ్మకు, బోర్డు మోసుకొచ్చిన ఆటో అన్నకు, భూపాలపల్లి నుంచి ఫోన్‌లో ఆ అమ్మాయికి ధైర్యం చెప్పిన వాళ్లక్కకు, నాతో నడిచి వచ్చిన ఆ సగం మందికి కృతజ్ఞతలు. మీరందరూ నాకు ఉస్తెద్‌లే.

కమిటీ పెద్దకు మాత్రం లేవు. ముందు ఆయన చెప్పుకుంటున్న ఆ సున్నం గోడలకు వేయించనీ.