బొంత కప్పిన జనరేటర్

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెబుతాను. మా బండిలో పడుకునే చోట, తల దగ్గర గోడకు బిగించిన చిన్న తెల్ల అలారం డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజన్ పొగలో వాసన లేని విషవాయువు ఒకటుంటుంది. అది లోపలికి వస్తే నిద్రపోయే మనిషికి తెలియదు కాబట్టి, ఆ డబ్బా అరిచి లేపుతుంది. ఆ మధ్యాహ్నం నేను దాని సెల్లు తీసి నా భార్య రేడియోలో వేశాను.

ప్రేమతో వేశానని చెప్పుకోవచ్చు. రేడియోకు సెల్లు తెమ్మని ఆమె ఎన్నాళ్ళుగానో అడుగుతోంది, నేను రేపు రేపంటున్నాను. కానీ అసలు కారణం అది కాదు. ఆ డబ్బా నా పనితనాన్ని తప్పుపట్టింది. అది నాకు నచ్చలేదు.

హనుమకొండ బజారులో మాది బట్టల దుకాణం. పొద్దున షట్టర్ ఎత్తడం, రాత్రి దించడం, మధ్యలో గుడ్డలు విప్పడం, మడతపెట్టడం. నా వయసంతా అందులోనే గడిచింది. రామప్ప గుడిని జనం రాకముందు, తెల్లవారే వెలుగులో చూడాలని నా భార్యకు పెళ్ళయిన కొత్తలోనే కోరిక. ఇంత దగ్గరున్నా షట్టర్ ఎత్తే వేళ అడ్డమొచ్చేది. దుకాణం తమ్ముడికి అప్పగించాక, పాత టెంపో ఒకటి కొని, లోపల రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఏసీ పెట్టించాను. ఆమె దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది. ఏసీ లేకపోతే నిద్రపట్టనిది ఆమెకు కాదు, నాకు. ఏసీ కోసం జనరేటర్ వచ్చింది. జనరేటర్‌తో పాటు కష్టాలూ వచ్చాయి.

మొదటిసారి, ఆ గుడి ఉన్న పాలంపేటలో ఒక అవ్వ ఇంటి పక్క ఖాళీ జాగాలో బండి ఆపుకున్నాం. జనరేటర్ రాత్రంతా నడిచింది. తెల్లారి అవ్వ చెంబుతో బండి దగ్గరకు వచ్చింది.

"కొడుకా, మీ బండి రాత్రంత మొత్తుకున్నది. నాకు నిద్ర లేదు. మా బర్రె పాలు చేపలేదు. జర చాయ్ పోద్దామంటే గీ చెంబుల నీళ్ళే ఉన్నయి."

నా భార్య సిగ్గుతో తల దించుకుంది. అవ్వ పోతూ పోతూ మళ్ళీ రమ్మన్నది కూడా. "మీరు రాండ్రి. దాన్ని ఇంటికాడ పెట్టి రాండ్రి."

ఆ సిగ్గుతోనే మేము గుడి దాకా పోకుండానే వెనక్కి వచ్చాం. దారిపొడవునా ఆమె ఒకే మాట అంది. "అవ్వ మనల్ని రమ్మన్నది, దాన్ని వద్దన్నది. మీరేమో అది లేంది పండరు."

ఇక నా తెలివి మొదలైంది. బట్టల దుకాణం వాళ్ళకు ఒక రోగం ఉంటుంది. బల్ల ఊగితే కింద గుడ్డ మడిచి పెడతాం. నల్లా కారితే గుడ్డ కడతాం. షట్టర్ మోగితే సందులో గుడ్డ కుక్కుతాం. ఎండకు గుడ్డ, వానకు గుడ్డ. లోకంలో ఏ చప్పుడైనా సరిపడా గుడ్డ పడితే ఆగుతుందని నేను నిజంగా నమ్మేవాణ్ణి. దుకాణం వెనక జాగాలో ప్లైవుడ్ పెట్టె చేయించి, లోపల నాలుగు వైపులా బొంతలు కొట్టించి, జనరేటర్‌ను అందులో కూర్చోబెట్టాను. పైన ఇంకో బొంత కప్పాను. పెట్టెను బండి వెనక తలుపుకు ఆనించి పెట్టాను, వైరు పొట్టిది కాబట్టి. వైరు దూరడానికి తలుపు కొంచెం తెరిచి, మిగతా కిటికీల సందులన్నీ గుడ్డలతో మూసేశాను.

నా భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "మీకు తలకాయ నొచ్చినా గుడ్డ కడ్తరు, జనరేటర్‌కు నొచ్చినా గుడ్డే కడ్తరు. దానికి జ్వరమొచ్చిందా, అంతగనం కప్పిన్రు?"

"విను," అన్నాను. జనరేటర్ నడుస్తోంది. గోడ అవతల ఎవరో పిండి విసురుతున్నంత చప్పుడు, అంతే. నాకు ఛాతీ ఉప్పొంగింది. సరిగ్గా అప్పుడు లోపల ఆ తెల్ల డబ్బా కీచుమని అరవడం మొదలుపెట్టింది.

ఆ డబ్బా ఏం చెబుతోందో నేను ఆలోచించలేదు. దుకాణంలో బేరం కుదరక గొంతు పెంచే గిరాకీలా తోచింది నాకది. చవక సరుకు, చెడిపోయింది అనుకున్నాను. సెల్లు తీశాను, నోరు మూసింది. ఆమె రేడియోలో వేశాను, అది నోరు తెరిచింది. పాట వినబడగానే ఆమె ముఖం వెలిగింది.

"కొత్తయా?" అంది.

"కొత్తవే," అన్నాను.

సాయంత్రం పాలంపేట చేరాం. ఈసారి మాతో నా భార్య అన్న, అంటే మా బావ, వచ్చాడు. కాజీపేటలో ఉంటాడు, గూడ్స్ రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. బండిలో పడుకోమంటే నవ్వాడు. "డబ్బాల పండుకునుడు నాతోని కాదు బావా. ఉన్నన్ని రోజులు డబ్బాలు గుంజిన, సాలు." మడత మంచం తెచ్చుకుని బయట వేసుకున్నాడు. పెట్టెను మళ్ళీ వెనక తలుపుకు ఆనించి జనరేటర్ వేశాను. అవ్వ వచ్చి చెవి పెట్టి విని, "గిప్పుడు మంచిగున్నది, ఒర్రుతలేదు," అని మెచ్చుకుని పోయింది. ఆ మెప్పుతో నేను ఇంకాస్త లావయ్యాను.

అన్నాలు తిన్నాక ఏసీ వేసి, నా భార్య రేడియో పెట్టుకుని పడక మీద ఒరిగింది. నేను బయట మంచం మీద బావతో ముచ్చట పెడుతున్నాను. కాసేపటికి లోపలి నుంచి అంది. "తలకాయ బరువైతాంది. కడుపుల తిప్పుతాంది."

"దారిల తిన్న మిర్చి బజ్జీలు," అన్నాను. "పండుకో, తక్కువైతది."

ఆమె లేచి వచ్చి మంచం మీద మా మధ్య కూర్చుంది. చల్లగాలికి కొంచెం తేరుకుంది. "ఇక్కడ బాగనే ఉన్నది," అంది. నేను ఏసీ వృథాగా పోతోందన్నాను. ఆమె మళ్ళీ లోపలికి పోయింది.

బావ నీళ్ళ సీసా కోసం తలుపు దాకా పోయి లోపలికి తొంగిచూసి ఆగాడు. "బావా, మొన్న నేను చూసినప్పుడు ఆ తెల్ల డబ్బాకు పచ్చలైటు మినుకుమినుకు అంటుండె గద. ఇప్పుడు లేదేంది?"

ఇక్కడ నేను దాచుకోవాలనిపించే సంగతి ఉంది. ఆ మాట వినగానే నాకు అర్థమైంది. మధ్యాహ్నం అరుపు, తల బరువు, బయట తేరుకోవడం, అన్నీ ఒక్కసారి కలిశాయి. అయినా వెంటనే లేవలేదు. లేస్తే సెల్లు సంగతి చెప్పాలి. చెబితే ఈ బావ కాజీపేట అంతా చెబుతాడు, బొంత కథ పెళ్ళిళ్ళలో భోజనాల పంక్తిలో నడుస్తుంది అనిపించింది. నా భార్య లోపల ఊపిరి పీల్చుకుంటుంటే, నేను బయట నవ్వుతారేమో అని ఆలోచించాను. ఎక్కువసేపు కాదు. కానీ ఆలోచించాను.

తర్వాత లేచి జనరేటర్ ఆపాను. తలుపులన్నీ బార్లా తెరిచి ఆమెను పిలిచాను. పలికింది, కానీ మాట ముద్దగా వచ్చింది. ఇద్దరం రెక్కలు పట్టి బయటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. నేను లోపలికి పోయి, పాట మధ్యలో రేడియో సెల్లు పీకి డబ్బాలో వేశాను. అది పాలంపేట మొత్తం లేచేలా అరిచింది. అవ్వ ఇంట్లో లైటు వెలిగింది.

నా భార్య మంచం మీంచి నన్ను చూసింది. ఆమెకు నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

బావ గొంతు పెంచకుండా అన్నాడు. "ఎర్రలైటు కండ్లకు కొడ్తాందని, దాని మీద తువ్వాల కప్పి బండి పోనిచ్చినట్టున్నది బావా నీ పని."

బండిలోని గాలి మారేదాకా ఆగి, కిటికీలన్నీ తెరిచి, బావ నడుపుతుంటే ములుగు దవాఖానకు పోయాం. చిన్న వయసు డాక్టరమ్మ ఆక్సిజన్ మాస్క్ పెట్టి, రక్తం పరీక్ష చేయించింది. జరిగింది విని, "సెల్లు ఎవరు తీసిన్రు?" అని అడిగింది. నేను బడిలో పిల్లవాడిలా చెయ్యెత్తాను. మాస్క్ వెనక నా భార్య భుజాలు కదిలాయి. నవ్వుతోందని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకొంచెంసేపు అట్లనే పండుకుంటే మాటే వేరుండేది," అంది డాక్టరమ్మ. భుజాలు ఆగిపోయాయి.

ఇంటికి వచ్చే దారిలో ఆమె రెండు మాటలంది. "ఫికర్ చెయ్యకుండ్రి, బాగైన." తర్వాత, "ఇగ నేను ఆ బండిల పండను." రెండో మాటలో వేళాకోళం లేదు.

రామప్ప తెల్లవారే వెలుగు ఆమెకు మళ్ళీ అందకుండా పోయింది. ఈసారి అడ్డం షట్టర్ కాదు, నేను.

మర్నాడు పెట్టె విప్పాను. పొగగొట్టం దగ్గర బొంత నల్లగా కమిలి ఉంది. పొగ ఒక్కటే కాదు, మంట కూడా మా కోసం అక్కడ కాచుక్కూర్చుందన్నమాట. కమిలిన ముక్కను ఆమె కత్తిరించి, అంచు కుట్టి, బండి మెట్టు మీద కాళ్ళు తుడుచుకునే పట్టాగా వేసింది. "ఎక్కినప్పుడల్ల యాదికి రావాలె," అంది. ఇప్పటికీ ఎక్కినప్పుడల్లా వస్తుంది.

ఆమెను బతిమాలలేదు. బండిని ఇంటి ముందు పెట్టి, నేనొక్కణ్ణే అందులో పడుకోవడం మొదలుపెట్టాను. ఏసీ లేదు. కిటికీలకు దోమతెర కొట్టించి తెరిచి పెట్టాను. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, మెడకు తడి తువ్వాల. "మళ్ళ గుడ్డేనా?" అంది గుమ్మంలోంచి. మొదట్లో నిద్రపట్టేది కాదు. చెమటలో పొర్లుతూ, ఈ ఒంటి సుఖం కోసం ఎంత చేశానో అనుకునేవాణ్ణి. తర్వాత పట్టింది. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే ఆమె ఎదురు పడక మీద ఉంది. కరెంటు పోయి ఇంట్లో ఉక్కపోతగా ఉందని చెప్పింది. వీధిలో అందరి లైట్లూ వెలుగుతున్నాయి. నేను ఆ మాట అనలేదు.

మళ్ళీ పాలంపేట పోయినప్పుడు ముందుగా అవ్వ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. "చప్పుడు లేదని మెచ్చుకుంటిని గద కొడుకా," అని ఆమె నొచ్చుకుంది. ఆమే జాగా చూపించింది. ఇంటికీ బండికీ దూరంగా, పాత మట్టిగోడ అవతల. పొడుగు వైరు తెచ్చాను. జనరేటర్ కింద రబ్బరు పట్టా వేశాను, అదురు నేలకు తగలకుండా. పైన ఏమీ కప్పలేదు. పొగగొట్టం మనిషి లేని పొలం వైపు, గాలి పోయే దిక్కుకు తిప్పాను. పొద్దు ఉండగా బ్యాటరీ నిండేదాకా నడిపి, అన్నాలకు ముందే ఆపేశాను. రాత్రి అంతటా కప్పల చప్పుడు తప్ప ఏమీ లేదు.

రేడియోకు వేరే సెల్లు కొన్నాను. అలారానికి కొత్తవి వేసి, పడుకునే ముందు దాని బొత్తాం నొక్కే పని ఆమె చేతికిచ్చాను. నాకు ఆ హక్కు లేదు. రైల్లో సిగ్నల్ చూసి ఒకరు పలికితే రెండోవారు పలికినట్టు, మేమూ పలకాలని బావ రూలు పెట్టాడు. ఆమె నొక్కింది, డబ్బా కీచుమంది.

"అలారం మంచిగున్నది," అన్నాను నేను గట్టిగా.

"అలారం మంచిగున్నది," అన్నాడు బావ బయట మంచం మీంచి.

అవ్వ కిటికీ తెరిచింది. "మళ్ళేం ఒర్రుతాంది కొడుకా?"

"అది ఒర్రాల్నే అవ్వా," అన్నాను. "ఒర్రకపోతే మీరొచ్చి నన్ను తిట్టుండ్రి."

చీకటి పలచబడుతుండగా నేను లేచి, చప్పుడు కాకుండా చాయ్ కాచి, ఆమెను లేపాను. బొంత ముక్క మీద కాళ్ళు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, గుడి వైపు నడిచాం. గ్లాసులు నేనే మోశాను.